పాత రంపపు మిషను కొనబోయే రైతులకు
(మైపాడు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



సరుగుడు తోటల మధ్య మాట్లాడుతున్నాను గనుక నారును గురించో, నాటే ఎడమును గురించో చెబుతానని మీరు అనుకొని ఉంటారు. కాని కిందటి మారు నేను వచ్చినపుడు మీలో ముగ్గురు నలుగురు అడిగిన ప్రశ్న వేరు. "సార్, నెల్లూరులో పాత చైన్ సా ఒకటి చవుకగా వస్తున్నది, కొనవచ్చునా?" అని అడిగినారు. నేను చదివినది పైరుల శాస్త్రం, యంత్రాల శాస్త్రం కాదు. అయినా ఇంతవరకు పాత మిషనులు మూడు కొని, రెండింటిని బాగుచేయించి, ఒకదానిని పాత ఇనుము కింద అమ్ముకొన్నవాడిని. ఆ మూడవది నేర్పిన పాఠమే ఎక్కువ. దానిని గురించి తరువాత చెబుతాను.

ఈ మిషను అవసరం మీకు నేను చెప్పనక్కరలేదు. నాలుగేళ్ళ సరుగుడు కోతకు వచ్చినపుడు గొడ్డలి పట్టే కూలీ దొరకడం కష్టంగా ఉన్నది. తుఫాను వచ్చినపుడైతే చెప్పనే అక్కరలేదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మీలో పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మన తీరం వెంబడే సాగి, 5వ తేదీన బాపట్ల దగ్గర ఒడ్డెక్కినది. ఇటువంటి గాలి కొట్టిన మరునాడు దారికి అడ్డంగా చెట్లు, ఇంటి మీద కొమ్మలు. అందరికీ ఒకేసారి రంపం కావాలి. మూలన పడి ఉన్న పాత మిషనులన్నీ రంగు పూసుకొని అంగటికి వచ్చేది అప్పుడే. ఆ వారం రోజులలో మాత్రం కొనకండి. బాడుగకు తెచ్చుకోండి. కొనేపని వానలు లేని రోజులలో, తొందరలేనపుడు పెట్టుకోవలెను.

మొదట మిషను వయస్సును గురించి రెండు మాటలు. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ అనే ఇంజనీరు 1926లో విద్యుత్తుతో నడిచే గొలుసు రంపం తయారుచేసినాడు. దానిని ఇద్దరు మనుషులు పట్టుకోవలసి వచ్చేది. 1959లో ఆ సంస్థ కాంట్రా అనే పెట్రోలు మిషను తెచ్చినది. ఒక్క మనిషి పట్టుకొని కోయగలిగిన ఆ వంగడానికి పుట్టిన పిలకే 070 అనే మిషను. 106 సి.సి. ఇంజను, బారు లేకుండానే పది కిలోలు దాటిన బరువు. మీకు చూపించే బాగా పాత మిషనులలో ఈ మాదిరివి, ఈ మాదిరిని అనుకరించి చేసినవి కనిపిస్తాయి. పేరు, రంగు చూసి అసలుదని నమ్మకూడదు. ఒంటి మీద పోతపోసిన అక్షరాలు, కొట్టిన నంబరు చూడవలెను. నంబరు గీకివేసిన మిషను ఎంత చవుకైనా వద్దు. వెలిగొండ అడవులలో ఎర్రచందనం దొంగనరుకుడు ఉన్న జిల్లా మనది. పాత బిల్లుగాని, అమ్మినవాని చేతిరాతతో రశీదుగాని లేకుండా రంపం ఇంట పెట్టుకోవడం మంచిది కాదు.

ఇక, ఏ పనికి ఏ మిషను? మన సరుగుడు మాను కోతనాటికి జానెడు మందం కూడా ఉండదు. దానికి 40, 50 సి.సి. మిషను, 16 లేక 18 అంగుళాల బారు చాలు. 070 వంటి బరువైన మిషను ముసలి చింతకు, తుమ్మకు, మామిడి మొద్దుకు పనికివస్తుంది. దానితో రోజంతా సరుగుడు కోస్తే సాయంత్రానికి చెట్టు కన్న ముందు మనిషి పడిపోతాడు. పైగా పాతకాలపు మిషనులలో పిడికి, ఇంజనుకు మధ్య అదురును ఆపే రబ్బరులుగాని స్ప్రింగులుగాని లేనివి ఉన్నాయి. ఏళ్ళ తరబడి అటువంటి దానిని పట్టుకొంటే వేళ్ళు తిమ్మిరెక్కి, చల్లగాలికి తెల్లబడే జబ్బు వస్తుంది. "పాత మిషను గట్టిది" అనే మాట నిజమే. కాని అది గట్టిగా ఉండి మనం గట్టిగా లేకపోతే ఏమి లాభం?

ఇప్పుడు నా మూడవ మిషను కథ. అమ్మేవాని ఇంటికి నేను పోయేసరికి అది గుడగుడమని నడుస్తూనే ఉన్నది. ఆపి, తాడు సగం లాగేసరికి మళ్ళీ అందుకొన్నది. సంతోషించి డబ్బిచ్చి తెచ్చుకొన్నాను. మరునాడు ఉదయం నలభై సార్లు లాగినా పలుకలేదు. వేడి మీద నడిచే మిషను చల్లారితే లేవకపోవడం ఒంట్లో సత్తువ పోయినదానికి గుర్తు. నేను వచ్చేముందే దానిని వేడిచేసి పెట్టినారన్నమాట. సైలెన్సరు విప్పి చూస్తే పిస్టను మీద నిలువుగా గోళ్ళతో గీరినట్లు చారలు. అక్కడితో ఆగితే బాగుండేది. లేతు పనివాడు ఒకడు "మోటారుసైకిలు సిలిండరు మాదిరి బోరు చేసి ఇస్తాను" అంటే ఒప్పుకొన్నాను. ఈ రంపాల సిలిండరు సాధారణంగా అల్యూమినియముతో పోసి, లోపల పలుచగా గట్టి పూత వేసినది. బోరు చేస్తే ఆ పూత పోతుంది. నా మిషను రెండవ రోజుననే పట్టేసినది.

కనుక మీరు పోయినపుడు ముందుగా ఇంజను మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, "చల్లారిన తరువాత వస్తా"నని చెప్పి టీ తాగి రండి. చల్లని మిషను అయిదారు లాగుళ్ళలో అందుకోవలెను. తరువాత మిషనును ఆపి, తాడు పిడి పట్టుకొని మెల్లగా పైకెత్తండి. మంచి పట్టు ఉన్న ఇంజను తాడుకు వేలాడుతూ ఆగి ఆగి, ఒక్కొక్క కుదుపుతో దిగుతుంది. జారుడుబండ మీద జారినట్లు సర్రున దిగితే పట్టు లేదు. మెకానికు వద్ద గేజి ఉంటే ప్లగ్గు తీసి కొలిపించండి. 120 పౌండ్లకు తగ్గితే ధర తగ్గించి అడగాలి, 100కు లోపయితే లేచి రావాలి.

సైలెన్సరు విప్పడానికి రెండు మూడు మరలే. విప్పనివ్వనంటే ఆ బేరం మానుకోండి. ఆ రంధ్రం గుండా పిస్టను కనిపిస్తుంది. నున్నగా, చిన్న చిన్న గీతలతో ఉంటే పరవాలేదు. ఆ వైపున లోతైన చారలు పడితే నూనె కలపని పెట్రోలుతోనో, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమంతోనో తోలినారని అర్థం. చారలు లేకున్నా గాలి లోపలికి పోయే వైపున పిస్టను అరిగి మసకబారి ఉంటే ఇసుక మింగిన మిషను అది. మన తీరపు మిషనులకు ఈ రెండవ జబ్బే ఎక్కువ. ఫిల్టరు తీసి, దాని లోపలి ముఖాన్ని వేలితో తుడిచి చూడండి. వేలికి గరుకు తగిలితే ఆ ఇసుక ఇంజనులోకి కూడా చేరి ఉంటుంది.

ఉప్పుగాలి మాట కూడా మరువకూడదు. ఈ మిషనుల ఒళ్ళు తేలికపాటి మెగ్నీషియం మిశ్రమ లోహంతో పోసినది. సముద్రపు గాలిలో కడగకుండా, తుడవకుండా పెడితే తెల్లని పొడి రాలుతూ గుంటలు పడుతుంది. పైన రంగు వేసి దీనిని దాచవచ్చును. బారు బిగించే పలక విప్పి లోపల చూస్తే దాగదు. పొదలకూరు వైపు నిమ్మతోటలో పనిచేసిన మిషనుకు, ఇక్కడ పాకలో వేలాడిన మిషనుకు వయస్సు ఒకటే అయినా ధర ఒకటి కాకూడదని నా అభిప్రాయం.

మిషను నడుస్తున్నపుడు గొలుసు తిరగకుండా, చిన్న చప్పుడుతో నిలకడగా ఉండవలెను. పక్కకు వంచినపుడు చప్పుడు దానంతటదే పెరిగితే ఇరుసు దగ్గరి సీళ్ళు పోయి గాలి దూరుతున్నదని అనుమానించాలి. దీనిని ఉపేక్షిస్తే పిస్టను చారలు పడేది అందువల్లనే. బారు కొనను ఒక చెక్క ముక్కకు చూపి ఇంజను హెచ్చిస్తే చెక్క మీద నూనె చార పడాలి. పడకపోతే గొలుసుకు నూనె అందడం లేదు.

బాగుచేయించే వస్తువులు కొన్ని, చేయించకూడనివి కొన్ని ఉన్నాయి. పెట్రోలు గొట్టాలు, కార్బురేటరులోని పలుచని రబ్బరు పొరలు, ప్లగ్గు, తాడు, స్ప్రింగు, సీళ్ళు, బారు, గొలుసు, పళ్ళచక్రం, ఇవన్నీ మార్చుకోదగినవే. రబ్బరు పొరలను పాత మిషనులో చూడకుండానే మార్చివేయడం మేలు. ఇప్పుడు మన బంకులలో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. అది నీటిని పీల్చుకొంటుంది, పాతకాలపు రబ్బరును చెడగొడుతుంది. సిలిండరు పూత లేచిన మిషను, ఇరుసు బేరింగులు గలగలలాడే మిషను మాత్రం బాగుచేతకు అర్హమైనవి కావు. వాటిని విడిభాగాల కోసమే చూడవలెను.

ధర కట్టే పద్ధతి ఒకటి చెబుతాను. ఇది నా లెక్క. మీకు ఇంతకన్న మంచిది తెలిస్తే అదే వాడండి. అదే శక్తి గల కొత్త మిషను ధర దుకాణంలో అడిగి తెలుసుకోండి. దానిలో సగానికి మించి పాతదానికి ఇవ్వకండి. ఆ సగంలోనుంచి వెంటనే మార్చవలసిన భాగాల ధర, మెకానికు కూలి తీసివేయండి. లెక్క కోసం కొత్తది 30,000 రూపాయలనుకొందాం. సగం 15,000. బారు, గొలుసు, చక్రం కలిసి 4,000, కార్బురేటరు పొరలు, గొట్టాలు 1,500, కూలి 1,500 అయితే మిగిలినది 8,000. అంతకు పైన ఒక్క రూపాయి కూడా పాత పేరుకు పెట్టనక్కరలేదు. పాశ్చాత్య దేశాలలో పాత రంపాలను ముచ్చటకు కొని, తుడిచి వరుసగా పేర్చుకొనేవారు ఉన్నారు. వారికి పాతదనమే విలువ. మనకు అది కోసే కర్రే విలువ. విడిభాగాలు నెల్లూరులో దొరకని మిషనుకైతే మిగిలిన దానిలో మరి సగం కోసివేయండి.

ఈ లెక్కలో ఇమడని వస్తువు ఒకటున్నది, గొలుసు బ్రేకు. బారు కొనలో పైభాగం ఏదైనా కొమ్మకు తగిలితే రంపం కనురెప్పపాటులో పైకి, వెనక్కు, పట్టుకొన్నవాని ముఖం మీదికి లేస్తుంది. దీనిని ఎదురుతన్ను అందాం. ఎడమ చేతికి ముందుండే పలకను ముందుకు తోసినా, ఆ విసురుకే అది కదలినా గొలుసును ఆపేది ఈ బ్రేకు. ఇది రంపాలకు వచ్చినది 1970 తరువాతి సంవత్సరాలలో. కాంట్రా తరం మిషనులకు లేదు. తరువాతి వాటిలో కూడా "అడ్డం వస్తున్నది" అని పీకివేసినవి చూసినాను. అల్లుకొని పడిన తుఫాను చెట్లలో బారు కొన ఎక్కడ తగులుతుందో ఎవరికీ కనపడదు. నాకు తెలిసిన ఒక కోతమనిషి ఇటువంటి బ్రేకులేని మిషనుతో పడిపోయిన వేపచెట్టు కోస్తూ దవడ నుంచి భుజం దాకా చీల్చుకొన్నాడు. ప్రాణం దక్కినది. ఎడమ చేయి ఈనాటికీ తలకు మించి లేవదు. కనుక బ్రేకు లేని మిషనుకు నేను ధర కట్టను. మీ ఇంట్లో ఇదివరకే ఉంటే కోతకు కాక చూపుకు ఉంచుకోండి. బ్రేకు ఉన్నదానిని కొనేముందు, బారు దేనికీ తగలకుండా రెండు చేతులతో పట్టుకొని, గొలుసు తిరుగుతుండగా పలకను ముంజేతితో ముందుకు తోసి చూడండి. గొలుసు తటాలున నిలబడాలి. లుంగీతో, మెడలో కండువాతో ఈ పరీక్ష కూడా చేయకూడదు.

కొన్న తరువాత గొలుసును గురించి. 1946లో అమెరికాలో జో కాక్స్ అనే కోతమనిషి, మొద్దును తొలిచే పురుగు తన దవడలతో అటూ ఇటూ కర్రను గీరుకొంటూ పోవడం గమనించి, ఆ మాదిరి పన్నును గొలుసుకు అమర్చినాడు. ఈనాటి గొలుసు పన్నుకు మూలం అదే. ఆ పురుగు దవడ ఇసుక కొరకదు, మన గొలుసూ కొరకకూడదు. గాలికి ఎగిరిన ఇసుక మొదలు బెరడులో కూరుకొని ఉంటుంది. కోయబోయేచోట కత్తితో బెరడు చెక్కివేసి, మాను కింద ముక్క పెట్టి కోయండి. ఒక్కసారి నేల తాకినా గొలుసు మొద్దుబారుతుంది. పేళ్ళు రాలుతుంటే పదును ఉన్నట్లు, పిండి రాలుతుంటే పోయినట్లు. గుండ్రని ఆకురాయి పన్ను కొలతకు తగినది ఉండాలి. .325 అంగుళాల గొలుసుకు 4.8 మిల్లీమీటర్లది. రెండు వైపులా సమానంగా, ఒక్కొక్క పన్నుకు అన్నే రుద్దులు రుద్దాలి. లేకపోతే కోత ఒక పక్కకు పోతుంది.

పెట్రోలులో నూనె అంచనాగా పోయకండి. సీసా కొలతతో కలపండి. తయారీదారు 50కి 1 అని చెబితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, పాత మిషనుకు 25కి 1 అని ఉంటే 40. కలిపినది నెలకు మించి నిలువ ఉంచవద్దు. పని అయిన రోజున ట్యాంకు వంచేసి, మిగిలినది అయిపోయి దానంతటదే ఆగేదాకా మిషనును నడపండి. తరువాత ఫిల్టరు కడిగి ఆరబెట్టి, ఒంటిని నూనెగుడ్డతో తుడిచి, సముద్రపు గాలి సూటిగా తగలని గదిలో పెట్టండి.