స్కూటరుకు ఏ ఆయిలు పోయాలి?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఆవకాయకు ఏ నూనె, అప్పడాలు వేయించడానికి ఏ నూనె, పసిపిల్లల ఒంటికి ఏ నూనె అని అడిగితే మనలో తడుముకునేవాళ్ళు ఉండరు. ఆవకాయలో పప్పునూనె తప్ప మరొకటి పోయనివ్వం. మరి రోజూ మనల్ని బడికీ, బజారుకీ, ఆఫీసుకీ మోసుకుపోయే స్కూటరుకు ఏ నూనె పోస్తున్నారమ్మా అని అడిగితే? "ఏమో, మెకానిక్కు చూసుకుంటాడు" అంటాం. కొన్నేళ్ళ కిందటి దాకా నేనూ అలా అన్నదాన్నే. ఆ మాటకు నేను చెల్లించుకున్న ఖరీదు ముందు చెప్పి, తర్వాత అసలు సంగతికి వస్తాను.

నేను ఊరికి దూరంగా ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. రానూపోనూ స్కూటరే గతి. మా వీధి చివరి షెడ్డులో "ఆయిలు మార్చు బాబూ" అని చెప్పి, డబ్బులిచ్చి వచ్చేసేదాన్ని. అతను ఏం పోశాడో, ఎంత పోశాడో నేను చూడలేదు. కొన్నాళ్ళకు ఇంజనులోంచి టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైంది. ఏదో నట్టు వదులయిందిలే అనుకున్నాను. మా అమ్మాయి పదో తరగతి పరీక్షల మొదటిరోజు, హాలుటిక్కెట్టు పట్టుకుని వెనక కూర్చుంది. ఊరు దాటగానే బండి ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. కిక్కు కొడితే కాలు కిందికి దిగలేదు. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. దేవుడు పంపినట్టు ఒక ఆటో వచ్చింది కాబట్టి గేటు మూసే వేళకు పరీక్ష హాలుకు చేరాం.

బండిని మరో మెకానిక్కు దగ్గరికి తోయించాను. ఆయన ఆయిలు చూసే పుల్ల బయటికి తీశాడు. చివర తడి కూడా లేదు! "ఇంజను పట్టేసిందమ్మా. పిస్టను మార్చాలి, బోరు చేయించాలి. మీవారు లేరా? ఆయనతో మాట్లాడతాను" అన్నాడు. నా జీతంలో సగం ఆ రిపేరుకే పోయింది. డబ్బు పోయినందుకు బాధపడ్డాను గానీ, "మీవారు లేరా" అన్న మాట అంతకంటే లోపల గుచ్చుకుంది. బండి నాది, నడిపేది నేను, డబ్బిచ్చేదీ నేనే. కానీ ఆయన అన్నదాంట్లో తప్పేముంది? నాకు నిజంగానే ఏమీ తెలియదు. బండితోపాటు ఇచ్చిన పుస్తకం సీటు కింద, ప్లాస్టిక్కు కవరు కూడా విప్పకుండా, అలాగే పడి ఉంది.

ఆ రాత్రి ఆ పుస్తకం చదివాను. తర్వాత తెలిసినవాళ్ళను అడిగి కొంత నేర్చుకున్నాను. అదే మీకు చెబుతున్నాను.

ముందు ఒక పాత అలవాటు సంగతి. మా నాన్నగారికి చేతక్ స్కూటరు ఉండేది. ఆ తరం బళ్ళు చాలావరకు టూ స్ట్రోకువి. వాటిలో ఆయిలును పెట్రోలులోనే కలిపేవారు. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల లెక్కన బంకులో కొలిచి పోసేవారు. అది పెట్రోలుతోపాటే కాలి, నీలిపొగయి పోయేది. విడిగా అమ్మే నాసిరకం ఆయిలు, అవసరానికి మించి పోయడం, ఈ రెండూ కలిసి ఊళ్ళు పొగచూరిపోయాయి. 1998లో సుప్రీంకోర్టు ఢిల్లీలో అలా విడి ఆయిలు అమ్మకూడదని ఆదేశించింది కూడా. "ఏదో ఒకటి పోస్తే సరిపోతుంది, కాస్త ఎక్కువైతే ఇంకా మంచిది" అనే అలవాటు ఆనాటిదే.

ఇప్పుడు మనం నడిపే పెట్రోలు స్కూటర్లు ఫోర్ స్ట్రోకువి. వీటిలో ఆయిలు పెట్రోలుతో కలవదు. ఇంజను అడుగున ఉండి, పైకీ కిందికీ తిరుగుతూ, ఇనుము ఇనుముతో ఒరుసుకోకుండా కాపాడుతుంది. వేడిని మోసుకుపోతుంది, మసిని తనలో కలుపుకుంటుంది. ఇంతచేసి అది ఉండేది ఎంత? చాలా బళ్ళకు లీటరు కంటే తక్కువే. అందులో పావువంతు తగ్గినా పని భారమంతా మిగిలినదాని మీదే పడుతుంది.

ఇంతకీ ఏ ఆయిలు? డబ్బా మీద మూడు గుర్తులు చూడండి చాలు.

మొదటిది చిక్కదనం. 10డబ్ల్యు-30 అనో, 10డబ్ల్యు-40 అనో రాసి ఉంటుంది. 'డబ్ల్యు' అంటే ఇంగ్లీషులో చలికాలానికి మొదటి అక్షరం. దాని ముందున్న అంకె తక్కువైతే చల్లగా ఉన్నప్పుడు కూడా ఆయిలు చురుగ్గా పారుతుందన్నమాట. వెనక ఉన్న అంకె ఇంజను బాగా వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకడితే, తలకు రాసుకోవాలన్నా ఎండలో పెట్టాల్సిందే గదా! బండి స్టార్టు చేసిన మొదటి క్షణాల్లో ఇంజనుకు అదే ఇబ్బంది. ఆయిలు పైదాకా ఎక్కేలోగానే అరుగుదల జరుగుతుంది.

"మన ఎండలకు చిక్కటి ఆయిలే మేలు" అని కొందరు సలహా ఇస్తారు. పొరపాటు. ఆ వెనక అంకెను కొలిచేది 100 డిగ్రీల వేడి దగ్గర. మన రోహిణికార్తె ఎండ దానిముందు ఎంత? మన దేశంలో అమ్మే బండికి మన ఎండలు లెక్కలోకి తీసుకునే పుస్తకం రాస్తారు. అందులో 10డబ్ల్యు-30 అని ఉంటే అదే పోయించండి. లారీలకు పోసే చిక్కటి ఆయిలు పోస్తే చిన్న ఇంజను బరువుగా లాగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

రెండో గుర్తు ఇంట్లో మోటారుసైకిలు కూడా ఉన్నవాళ్ళు తప్పకుండా చూడాలి. 'జాసో' అనే జపాను ప్రమాణం ఒకటుంది. అందులో ఎం.ఎ., ఎం.బి. అని రకాలున్నాయి. మోటారుసైకిలులో క్లచ్చి ఇంజను ఆయిలులోనే మునిగి ఉంటుంది. ఆయిలు మరీ జారుడుగా ఉంటే ఆ క్లచ్చి పట్టు తప్పుతుంది. అందుకని వాటికి ఎం.ఎ. రకం. గేర్లు లేని స్కూటరులో క్లచ్చి విడిగా, పొడిగా ఉంటుంది. కాబట్టి జారుడెక్కువున్న ఎం.బి. రకం దీనికి సరిపోతుంది, పెట్రోలూ కాస్త కలిసివస్తుంది. ఆయన బండికి తెచ్చిన డబ్బాలో మిగిలింది కదా అని మన స్కూటరుకు పోస్తే వెంటనే ముంచుకొచ్చే ప్రమాదం లేదు గానీ, ఆ లాభం పోతుంది. మన డబ్బాలోది మాత్రం ఆయన బండికి పోయనివ్వకండి!

మూడోది నాణ్యత గుర్తు. ఎ.పి.ఐ. అని రాసి పక్కన ఎస్.జె., ఎస్.ఎల్., ఎస్.ఎన్. లాంటి రెండక్షరాలుంటాయి. రెండో అక్షరం వరసలో ఎంత ముందుకుపోతే అది అంత కొత్త ప్రమాణం. మీ పుస్తకం అడిగినదానికి తక్కువ కాకుండా చూసుకోండి.

సింథటిక్కు ఆయిలు పోయించాలా అని అడుగుతారు. అది ఖరీదెక్కువ, వేడికి బాగా తట్టుకుంటుంది. పుస్తకం అడిగితే తప్పనిసరిగా పోయించండి. అడగకపోతే మీ ఇష్టం. కానీ ఖరీదైనది పోశాం కదా అని మార్చడం మానేస్తే, చవకది వేళకు మార్చినవాళ్ళే తెలివైనవాళ్ళవుతారు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. మన పాలమూరు చేలల్లో పండే ఆముదం ఉంది చూశారూ, ఒకప్పుడు ఇంజన్లకు అదే మేలురకం నూనె. క్యాస్ట్రాల్ అనే పేరు 1909లో ఆముదానికున్న ఇంగ్లీషు పేరులోంచి పుట్టిందే. అలాగని వంటింట్లో సీసా తీసుకెళ్ళి పోసేరు! అది వేడికి జిగురై అతుక్కుంటుంది.

ఎన్నాళ్ళకు మార్చాలి? పుస్తకంలో కిలోమీటర్లూ ఉంటాయి, నెలలూ ఉంటాయి. ఏది ముందొస్తే అప్పుడే. "నేను మార్కెట్టుకు తప్ప తియ్యను" అనేవారికి నెలల లెక్కే ముఖ్యం. దగ్గర ప్రయాణాల్లో ఇంజను పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ ఆరిపోదు. ఆయిలు నల్లబడిందని కంగారుపడకండి, మసిని పట్టుకోవడం దాని పనే. మజ్జిగలా తెల్లగా కనిపిస్తే మాత్రం నీళ్ళు చేరాయన్నమాట, వెంటనే చూపించండి.

మధ్యలో మీరే చూసుకోవడం చాలా తేలిక. బండిని చదునైన చోట పెద్ద స్టాండు వేసి, కొద్ది నిమిషాలు నడిపి ఆపండి. రెండుమూడు నిమిషాలాగి పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూడండి. మర తిప్పి బిగించాలా, ఊరికే ఆనించాలా అన్నది మీ పుస్తకం చెబుతుంది. తడి రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకు దిగితే పోయించండి. పై గీత దాటించినా ముప్పే. ఎక్కువైన ఆయిలు నురగ కట్టి, గాలి ఫిల్టరులోకి ఎక్కుతుంది.

షెడ్డుకు వెళితే పక్కన నిలబడండి. డబ్బా సీలు మీ కళ్ళముందే విప్పమనండి. ఖాళీ డబ్బా అడిగి తీసుకుని నలిపేయండి, అందులో ఎవరూ నకిలీ నింపి అమ్మలేరు. తీసిన పాత ఆయిలు కాలువలో పారబొయ్యనివ్వకండి. దాన్ని శుద్ధిచేసే కేంద్రాలకు పంపించే చోటే బండి ఇవ్వండి.

చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నట్టు, మనకేమీ తెలియని చోట ఎవరేం చెబితే అదే వేదమవుతుంది. ఇప్పుడు మా ఇంట్లో నెలకో ఆదివారం పుల్ల తీసి చూసేది మా అమ్మాయే. మొన్న ఆయిలు మార్పించడానికి వెళ్ళినప్పుడు, పనివాడు చేతికందిన డబ్బా తెస్తే, "అది ఎం.ఎ. అన్నా, మా బండికి ఎం.బి. కావాలి" అంది. అతను మారుమాట్లాడకుండా వెళ్ళి మార్చి తెచ్చాడు. "మీ నాన్నగారు లేరా" అని మాత్రం అడగలేదు.

రేపు పొద్దున్న బండి తీసేముందు ఒక్కసారి సీటు ఎత్తి, ఆ పుస్తకం కవరు విప్పండి. సెలవు.