గుడిసె మ్యూజియంలో ఉంది, గూడెం ఎక్కడుంది?



అరకు వెళ్లినవాళ్లలో చాలామంది అక్కడి గిరిజన మ్యూజియం చూసే ఉంటారు. మట్టిబొమ్మలతో మన ఇల్లు, మన పొయ్యి, మన థింసా. టికెట్ కొని లోపలికెళ్లి ఫొటో దిగుతారు. తప్పేం లేదు, మన పిల్లలూ చూడాలి. కానీ బయటికొచ్చాక రోడ్డు పట్టుకుని కాస్త ముందుకు నడవండి. గుడిసె ఆకారంలో కట్టిన ఏసీ గదులు కనిపిస్తాయి. గోడ మీద థింసా బొమ్మ కూడా వేసుంటారు. ఆ నేల ఎవరిది, ఎలా చేతులు మారింది అన్నది మాత్రం ఏ బోర్డు మీదా ఉండదు. మీరు అడిగారా ఎప్పుడైనా?

పాతదాన్ని కాపాడటం అనగానే మనకు కోటలు, గుళ్లు, మహళ్లు గుర్తొస్తాయి. హైదరాబాద్‌లో ఇర్రం మంజిల్‌ని కూల్చి కొత్త అసెంబ్లీ కడతామంటే 2019లో తెలంగాణ హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మంచిపని. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించినదాని చుట్టూ 100 మీటర్ల లోపల కొత్తగా కట్టకూడదని చట్టమే ఉంది. మరి మన ఊరి శంకుదేవుడి చోటికి ఎన్ని మీటర్లు? ఒక్క మీటరు కూడా లేదు. ఎందుకంటే అక్కడ చెక్కిన స్తంభం లేదు, శాసనం లేదు. ఒక రాయి, ఒక చెట్టు, ఇటుకల పండగనాడు ఊరంతా వచ్చి నిలబడే కాస్త ఖాళీ జాగా. రియల్ ఎస్టేట్ కంటికి అది రోడ్డు పక్కన ఉన్న ‘వ్యూ పాయింట్’.

ఇక్కడే మనం ఒక సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. మన దగ్గర పాతది అంటే గోడ కాదు. గోడ అలుకుతూనే ఉంటాం, కప్పు మారుస్తూనే ఉంటాం. చోటు మారదు. ఊరు మొదట ఎక్కడ నిలబడింది, చనిపోయినవాళ్లని ఎక్కడ పెట్టాం, ఏ ఊట నీళ్లు ఎవరు తాగారు, ఇదీ మన చరిత్ర. అందుకే మనకు వారసత్వ రక్షణ చట్టం ఏది అని అడిగితే, నా లెక్కలో అది 1/70.

వివరంగా చెప్తాను, ఎందుకంటే మన కుర్రాళ్లలో కూడా చాలామందికి పేరే తెలుసు. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం తెచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్ భూబదలాయింపు నిబంధన వచ్చింది. దానికి 1970లో చేసిన మొదటి రెగ్యులేషన్ సవరణే 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి వెళ్తే ఆ బదిలీ చెల్లదు. అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి కూడా బదిలీయే. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందు అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది ఆయనే. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997లో సమత కేసులో ఇంకో మెట్టు ఎక్కింది: ప్రభుత్వం కూడా తన భూమిని ఇక్కడ గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదంది. ఆ కేసు పుట్టింది ఎక్కడో కాదు, మన అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద.

ఇంత బలమైన చట్టం కాబట్టే దానిమీద కన్ను. 2025 జనవరిలో విశాఖ పర్యాటక సదస్సులో అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు టూరిజం కోసం 1/70ని సవరించాలన్నట్టు మాట్లాడారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ జరిగింది. చట్టాన్ని రద్దు చేసేది లేదని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. సరే, గెలిచాం. కానీ చట్టం కాగితం మీద అలాగే ఉండగానే నేల జారిపోతోంది కదా, దాని సంగతేంటి?

ఎలా జారుతుందో మీకూ తెలుసు. గిరిజనుడు గిరిజనుడికి అమ్ముకోవచ్చు. బయట పెట్టుబడిదారుడు మనలోనే ఒకర్ని పట్టుకుంటాడు, కాగితం ఆ పేరు మీద, డబ్బు తనది. లేకపోతే స్టాంపు పేపరు మీద ‘లీజు అగ్రిమెంటు’. ఆ పేపరుకి విలువ లేదు, కానీ ఫిర్యాదు చేసేవాళ్లు లేనంతకాలం గది అద్దెకి పోతూనే ఉంటుంది. వలిసె వేసిన నేల ఇచ్చిన ముసలాయన అదే నేల గేటు దగ్గర వాచ్‌మన్. సంతకం పెట్టిన మనవాడిని తిట్టడం తేలిక. ఆస్పత్రికో, ఆడపిల్ల పెళ్లికో డబ్బు కావాల్సి వచ్చినప్పుడు ఊరు ఏం చేసిందని కూడా అడగాలి.

‘మరి మేం ఎప్పటికీ మట్టింట్లోనే ఉండాలా, టూరిస్టులు రావొద్దా?’ అని కుర్రాళ్లు అడుగుతారు. అక్కర్లేదు నాయనా. స్లాబు వేసుకోండి. వంజంగి కొండమీద మబ్బులు చూడటానికి వచ్చేవాళ్లకి మీరే టెంటు వేయండి, మీరే టీ కాయండి, ఊరు రేటు పెట్టండి. అది మన నేలమీద మన పని. మనల్ని గుడిసెలో ఉంచి బొమ్మలా చూపించడమూ, మనల్ని ఖాళీ చేయించి గుడిసె బొమ్మ కట్టడమూ, నాకు రెండూ ఒకటే.

ఇక చేయగలిగిన పని. 1996 పెసా చట్టం గ్రామసభకి రెండు అధికారాలిచ్చింది: సంప్రదాయాన్ని, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకోవడం, భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపి, పోయినదాన్ని తిరిగి ఇప్పించడం. పెసాలో ఊరంటే పంచాయతీ కేంద్రం కాదు, మీ గూడెమే. అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వది చూడండి. సామూహిక హక్కు కోరేటప్పుడు పవిత్ర వృక్షాలు, దేవుడి వనాలు, చెరువులు, శ్మశానాలు సాక్ష్యంగా చూపించొచ్చు. కోటకి శాసనం ఎలాగో మన చెట్టు అలాగ.

కాబట్టి వచ్చే గ్రామసభలో పెద్దల్ని వెంటబెట్టుకుని ఊరంతా ఒకసారి తిరగండి. ప్రతి చోటు పేరు మన భాషలో ఎలా అంటారో అలాగే రాయండి, సర్వే నంబరు తెలిస్తే పక్కన వేయండి, ఫోన్‌లో ఫొటో తీయండి. తీర్మానం పుస్తకంలో ఎక్కించి అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. ఎవరి పేరుమీద ఎవరి రిసార్టు నడుస్తోందో ఇంకో పేజీలో రాయండి. ఆ పేజీ నకలు పెట్టి ఎల్‌టీఆర్ కేసు వేయమని స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ఆఫీసులో ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపండి.