భరణం హక్కు: 125వ సెక్షన్ అందరిదీ
(మామిడికుదురులో చేసిన ప్రసంగ పాఠం)



కొన్నేళ్ల క్రితం ఈ మండలంలోని ఒక గ్రామం నుండి ఇద్దరు బిడ్డల తల్లి మా వద్దకు వచ్చింది. భర్త తలాక్ చెప్పి, ఇద్దత్ కాలపు ఖర్చు మాత్రం చేతిలో పెట్టి గల్ఫ్‌కు వెళ్లిపోయాడు. "కోర్టులో భరణం అడిగే హక్కు మనవాళ్లకు లేదమ్మా" అని చెప్పి పంపించాము. ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఫైళ్లు చూసిన మేము చట్టం చదవకుండానే తీర్పు చెప్పాము. ఆ తప్పును దిద్దుకోవడానికే ఈనాడు మీ ముందు నిలిచాము.

తెలంగాణలో ఒక ముస్లిం సోదరికి కుటుంబ న్యాయస్థానం నెలకు 20,000 రూపాయల మధ్యంతర భరణం మంజూరు చేసింది. 2023 డిసెంబరు 13న హైకోర్టు దానిని 10,000కు తగ్గించింది గాని రద్దు చేయలేదు. 1986 నాటి ముస్లిం మహిళల చట్టం ఉండగా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ తనకు వర్తించదని భర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2024 జూలై 10న జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్‌ల ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. 125వ సెక్షన్‌లో 'భార్య' అన్న మాటకు, విడాకులు పొంది తిరిగి వివాహమాడని స్త్రీ కూడా అని అర్థం చెప్పబడి ఉంది. అక్కడ మతభేదం లేదు. 1986 చట్టం ఆ హక్కుకు అదనమే గాని ప్రత్యామ్నాయం కాదని న్యాయస్థానం స్పష్టపరచింది.

ఇది షరీఅత్‌లో జోక్యమని కొందరు సోదరులు బాధపడుతున్నారు. వారి ఆందోళనను మేము తేలికగా తీసుకోము. అయితే విడాకులు పొందిన స్త్రీలకు ధర్మబద్ధంగా ఇవ్వవలసినది ఉందని బఖరా సూరా 241వ ఆయతు మనకు గుర్తుచేస్తూనే ఉంది. ఇవ్వవలసినది మనమే ఇస్తే ఆమె కోర్టు మెట్లు ఎక్కవలసిన పని ఏముంది?

ఇప్పుడు ఆ సెక్షన్ భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144గా మారింది. స్త్రీ తాను నివసించే చోటనే దరఖాస్తు చేసుకోవచ్చు. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మహిళలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తారు. నికానామా, పిల్లల జనన ధ్రువపత్రాలు, భర్త సంపాదనకు ఆధారాలు భద్రపరచుకోండి.

ఇటీవల ఆ తల్లి ఇంటికి వెళ్లి మా మాట వెనక్కి తీసుకున్నాము. ఆమె కోపగించుకోలేదు. పెద్దవాడి చదువు పదో తరగతితో ఆగిపోయిందని మాత్రం చెప్పింది. ఆ బిడ్డ పోగొట్టుకున్న ఏళ్లను మేము తిరిగి ఇవ్వలేము. మరొక ఇంట అలా జరగకుండా చూడటం మనందరి బాధ్యత.