బండికి మనం సరిపోవాలా, మనకి బండి సరిపోవాలా?

(మహిళా దినోత్సవం సందర్భంగా జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల సభలో మోటారు సైకిళ్ళ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు మొదట కొంచెం ఆశ్చర్యపోయారు. ఆస్తి హక్కు, కనీస వేతనాలు, గృహహింస లాంటి ఇన్ని సమస్యలుండగా బండి సంగతెందుకని మీకూ అనిపించవచ్చు. కానీ కోర్టుకి వెళ్ళాలన్నా, పనికి వెళ్ళాలన్నా, దెబ్బలు తిన్న రాత్రి పుట్టింటికి వెళ్ళాలన్నా ముందు గడప దాటాలి. ఎలా దాటుతాం, ఎవరి మీద ఆధారపడి దాటుతాం అన్నది హక్కుల ప్రశ్నే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి స్త్రీలకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. అది మంచి మార్పు. అయితే బస్సు పోని వూళ్ళున్నాయి, బస్సు లేని వేళలున్నాయి. అక్కడ సొంత బండి కావాలి.

నా అనుభవంతోనే మొదలుపెడతాను. 2007లో పిహెచ్.డి. పరిశోధన కోసం పాలమూరు జిల్లా గ్రామాల్లో తిరుగుతున్నాను. నా ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. బండి నడపడం మా అన్నయ్య దగ్గర నేర్చుకున్నాను. ఒకరోజు పక్కవూరికి వెళ్ళడానికి నేనుంటున్న ఇంటివాళ్ళ మోటారు సైకిలు అడిగి తీసుకున్నాను. దారిలో మేకలు అడ్డం వస్తే ఆపి, ఎడమకాలు కింద పెట్టబోయాను. రోడ్డు అటువైపు పల్లంగా వుంది. కాలికి నేల అందలేదు. బండితో సహా పడిపోయాను. మోకాలు చీరుకుపోయింది, క్లచ్ లివరు వంగింది. టీకొట్టు దగ్గరున్నవాళ్ళు వచ్చి బండిని లేపి, "ఆడోళ్ళకెందుకమ్మా మోటరు సైకిలు?" అన్నారు.

నేను కూడా నిజమేననుకున్నాను! సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని, లింగ వివక్ష మీద థీసిస్ రాస్తున్నదాన్ని. అయినా ఆ క్షణంలో నాకు తోచిన సంజాయిషీ "నాకు చేతకాదు" అన్నదే. చాలా ఏళ్ళ తర్వాత ఒక టేపు తీసుకుని కొలిచాను. అలాంటి బండి సీటు ఎత్తు దాదాపు 80 సెంటీమీటర్లు. నా కాలి లోపలి పొడుగు 68. ఈ పన్నెండు సెంటీమీటర్ల తేడాకి మేమంతా పెట్టిన పేరు "ఆడవాళ్ళ చేతకానితనం".

మన దేశంలో వయోజన స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. పురుషులది 165 దాకా వుంటుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పోషకాల అవసరాలు లెక్కకట్టడానికి ప్రమాణంగా తీసుకున్న పురుషుడి బరువు 65 కిలోలు, స్త్రీ బరువు 55 కిలోలు. అన్నం లెక్క కట్టేటప్పుడు రెండు శరీరాలున్నాయని శాస్త్రం ఒప్పుకుంటుంది. బండి తయారుచేసేటప్పుడు మాత్రం చాలాకాలం ఒకే శరీరాన్ని లెక్కలోకి తీసుకున్నారు. దానికి సరిపోని పొట్టి మగవాళ్ళు కూడా మునివేళ్ళ మీద నిలబడి తంటాలు పడుతూనే వున్నారు. కాకపోతే వాళ్ళు పడితే "రోడ్డు బాలేదు" అంటారు. మనం పడితే "ఆడది" అంటారు.

ఇది యంత్రం సంగతి అనడానికి చరిత్రే సాక్ష్యం. 1970ల్లో, 80ల్లో మధ్యతరగతి ఇళ్ళలో వున్నది బజాజ్ చేతక్. గేర్లు చేత్తో తిప్పాలి, కిక్ కొట్టాలి, స్టార్టు కాకపోతే బండిని ఒక పక్కకి వంచి మళ్ళీ కొట్టాలి. దాన్ని నడిపిన స్త్రీలు చాలా తక్కువ. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. బటన్ నొక్కితే స్టార్టవుతుంది, గేర్లు మార్చే పని లేదు. ఆ తర్వాత 1990ల్లో స్కూటీ, 2001లో యాక్టివా వచ్చాయి. వీధుల్లో స్త్రీలు కనిపించసాగారు. 1984లో మన కాళ్ళల్లోకి హఠాత్తుగా బలం వచ్చిందా? ధైర్యం వచ్చిందా? రెండూ ముందునుంచీ వున్నాయి. మారింది యంత్రం.

చట్టం మనల్ని ఎక్కడ కూర్చోబెట్టిందో కూడా చూడండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూర్చునేవాళ్ళ రక్షణ గురించి. పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఆధారం, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే ఏర్పాటు వుండాలని అది చెప్తుంది. దాన్నే మనం శారీ గార్డు అంటాం. అది అవసరమే, ఎందరి ప్రాణాలో కాపాడి వుంటుంది. కానీ మోటారు సైకిలు మొత్తంలో స్త్రీని దృష్టిలో పెట్టుకుని బిగించిన భాగం ఏదైనా వుందంటే అది వెనక కూర్చున్న స్త్రీ కోసమే కావడం గమనించాల్సిన విషయం.

అలాగని స్త్రీలకి ప్రత్యేకంగా "ఆడవాళ్ళ బండి" ఇస్తే సమస్య తీరిపోతుందా? తమిళనాడులో 2018లో పనిచేసే స్త్రీలకి ద్విచక్ర వాహనం కొనుక్కోవడానికి సగం ధర, గరిష్టంగా 25 వేల రూపాయలు సబ్సిడీ ఇచ్చే పథకం మొదలుపెట్టారు. మంచిదే. కానీ గేర్లు లేని బండే కొనాలన్నది షరతు! అదే రాష్ట్రంలో 1990ల మొదట్లో పుదుక్కోట్టై జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో వేలాదిమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. తర్వాత కొందరు వాటినే కావాలన్నారు. ఎందుకు? ముందు కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు! ఏ సైకిలు "ఆడది", ఏది "మగది" అన్న ముద్ర వాళ్ళకి పట్టలేదు. తమ పనికి ఏది ఉపయోగపడుతుందో చూసుకున్నారు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న విషయం కూడా ఇదే. శరీరాన్ని కొలవాలి, అవసరాన్ని కొలవాలి. ముద్రని పక్కన పెట్టాలి.

మొదట శరీరం. చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడండి. కాళ్ళ మధ్య ఒక పుస్తకాన్ని పైదాకా ఆనించి పట్టుకుని, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవండి. దాన్ని సీటు ఎత్తుతో పోల్చండి. యాక్టివా సీటు దాదాపు 765 మిల్లీమీటర్లు, స్ప్లెండర్‌ది 785, బుల్లెట్‌ది 800 పైచిలుకు. సీటు మన కాలికన్నా కొంచెం ఎత్తున్నా ఇబ్బంది లేదు, ఆగినప్పుడు రెండు పాదాల ముందు భాగమో, ఒక పాదం పూర్తిగానో నేలకి ఆనితే చాలు. అయితే సీటు వెడల్పుగా వుంటే కాళ్ళు పక్కలకి విడిపోయి ఇంకా పొట్టవుతాయి. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. 80 కిలోల మనిషి కూర్చుంటే వెనక స్ప్రింగు దిగుతుంది, 45 కిలోల మనిషి కూర్చుంటే అంత దిగదు. అంటే అదే బండి మనకి ఇంకొంచెం ఎత్తు. చాలా బండ్లకి ఆ స్ప్రింగు బిగువు తగ్గించే మెట్లుంటాయి. మెకానిక్‌ని అడిగి తగ్గించుకోవచ్చు.

తర్వాత బరువు. యాక్టివా 106 కిలోల దగ్గర, స్ప్లెండర్ 112 దగ్గర, బుల్లెట్ 190కి పైన. 55 కిలోల స్త్రీకి బుల్లెట్ మూడింతలకన్నా ఎక్కువ. అయినా భయపడక్కర్లేదు. నిటారుగా వున్నంతసేపు బండి తన బరువు తనే మోసుకుంటుంది. వంగినప్పుడే మన మీద పడుతుంది. అందుకే సీటు ఎత్తు, బరువు కలిపి చూడాలి. స్టాండు వెయ్యాలంటే చేతులతో లాగకూడదు, స్టాండు మీద కాలు పెట్టి వొంటి బరువంతా వెయ్యాలి. పడిపోయిన బండిని ముందుకి వంగి నడుంతో లేపకూడదు. ఇంజను ఆపి, బండికి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, హ్యాండిలు ఒక చేత్తో, సీటు కింది పట్టు ఇంకో చేత్తో పట్టుకుని, చిన్న అడుగులతో వెనక్కి నడుస్తూ లేపాలి. గడ్డిమోపులెత్తే స్త్రీలకి ఈ కిటుకు కొత్తేమీ కాదు.

చేతులు కూడా ముఖ్యమే. హ్యాండిలు పట్టుకున్నప్పుడు బ్రేకు, క్లచ్ లివర్లు వేళ్ళ మొదటి కణుపులకి కాక రెండో కణుపుకి అందాలి. అందకపోతే అత్యవసరంలో బ్రేకు సరిగా పడదు. హెల్మెట్ కూడా ఇంట్లో వున్న మగవాళ్ళది తగిలించుకునేది కాదు. నుదురు చుట్టూ కొలిచి, ఐ.ఎస్.ఐ. గుర్తున్నది మన కొలతకి కొనుక్కోవాలి. చున్నీ వెనక్కి వేలాడకుండా కట్టుకోవాలి.

ఇక అవసరం. చాలామంది మగవాళ్ళ ప్రయాణం ఇంటినుంచి పనికి, పనినుంచి ఇంటికి. మనది ముక్కలు ముక్కలుగా వుంటుంది. బడి, కూరగాయలు, ఆఫీసు, మందుల షాపు, మళ్ళీ బడి. పదిసార్లు ఆగి పదిసార్లు కాలు కింద పెట్టేవాళ్ళకి తేలికైన, ముందు చదునుగా జాగా వున్న స్కూటరు నయం. 14.2 కిలోల గ్యాసు సిలిండరు కూడా మనమే తేవాలి కదా! కానీ గుంతల రోడ్ల మీద నాలుగు వూళ్ళు తిరిగే ఆశా కార్యకర్తకి స్కూటరు చిన్నచక్రం మంచిది కాదు, గుంతలో దిగబడుతుంది. ఆమెకి పెద్ద చక్రాల మోటారు సైకిలో, రైతులు గడ్డి మోపులేసుకుపోయే ఎక్స్ఎల్ మోపెడో మేలు. ఎక్స్ఎల్‌కి గేర్లుండవు, చక్రాలు 16 అంగుళాలు, బరువు 90 కిలోల లోపే. దాన్ని స్త్రీలకి ఎవరూ చూపించరు. ఇక దూరాలు తిరగాలని, కొండలెక్కాలని వుంటే అదీ అవసరమే. సరదా కూడా హక్కే.

మూడో ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది. బండి ఎవరిది? నేను మొదటిసారి సొంత జీతంతో బండి కొనడానికి ఒక షోరూముకి వెళ్తే, సేల్స్ కుర్రాడు బేరమంతా నా వెంట వచ్చిన తమ్ముడితో మాట్లాడాడు. "మేడంకు ఇది బాగుంటది సార్" అన్నాడు. నన్నడిగిన ఒకే ఒక్క ప్రశ్న, ఏ రంగు కావాలని! ఇది నవ్వుకునే సంగతి. నవ్వలేని సంగతి వేరే వుంది. మన పల్లెల్లో పెళ్ళికొడుక్కి మోటారు సైకిలు పెట్టడం 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం నేరం. అయినా పెడుతూనే వున్నారు. ఆమె తండ్రి అప్పుచేసి కొన్న బండి అతని పేరున రిజిస్టరవుతుంది, అతని కొలతకి ఎంపికవుతుంది. ఆమె వెనక సీట్లో ఒక పక్కకి కూర్చుంటుంది. పరిశోధనలో నాకు పరిచయమైన ఒక నర్సమ్మ, "మా ఇంట్ల బండి ఉంది మేడం, నాకు లేదు" అంది. ఈ ఒక్క వాక్యం నా థీసిస్‌లోని రెండు అధ్యాయాలకన్నా బరువైనది.

అందరికీ బండి ఒకేలా అందదన్నది కూడా మరవకూడదు. మన వూళ్ళలో దళితులు పెద్దకులాల వీధిలో సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాల్సి వచ్చిన కాలం మరీ పాతదేమీ కాదు. ఆ వీధిలో బండి మీద పోయే దళిత స్త్రీని ఆపే చూపులు, మాటలు వేరు. కొలతలు చెప్పినంత మాత్రాన అవి పోవు. కలిసి నేర్చుకుంటే, కలిసి నడిపితే కొంత పోతాయి.

అందుకే ముగించే ముందు చేయగలిగిన నాలుగు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, లైసెన్సు తీసుకునేటప్పుడు "గేర్లు లేని" తరగతితో ఆగిపోకండి. మోటారు వాహనాల చట్టంలో గేర్లున్న మోటారు సైకిలు, గేర్లు లేనిది రెండు వేర్వేరు తరగతులు. రెండోది మాత్రమే వుంటే, అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చినా ఇంట్లో వున్న మోటారు సైకిలు తియ్యడానికి చట్టం ఒప్పుకోదు. రెండు, బండి కొనేటప్పుడు రోజూ కట్టుకునే బట్టలతో, రోజూ మోసే సంచీతో వెళ్ళండి. కూర్చోండి, ఆపండి, స్టాండు వెయ్యండి, వెనక్కి తొయ్యండి, నడిపి చూడండి. చూడనివ్వకపోతే ఇంకో షాపుకి వెళ్ళండి. మూడు, రిజిస్ట్రేషను మీ పేరున చేయించుకోండి. నాలుగు, మన సంఘాలు కుట్టు మిషన్లు నేర్పినట్టే బండి కూడా నేర్పాలి. నేర్పేచోట ఒకటి కాదు, మూడు రకాల ఎత్తుల బండ్లుండాలి. స్త్రీలకి ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ ఎక్కడున్నా, ఏ బండి కొనాలో ఎంచుకునే హక్కు స్త్రీకే వుండాలని మనం అడగాలి.

2007లో నేను పడిన చోటుకి రెండేళ్ళ కిందట మళ్ళీ వెళ్ళాను, నా బండి మీదే. అదే టీకొట్టు దగ్గర ఆగాను. రెండు పాదాలూ నేలకి ఆనాయి. నేనేమీ పొడుగవలేదు. నా కొలతకి బండి వెతుక్కున్నాను, అంతే.