విత్తనం మనకు, కాగితం వాళ్లకా?

(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



విత్తనాల దుకాణంకాడ ప్యాకెట్ కొనేటప్పుడు మనం ధర అడుగుతం, దిగుబడి అడుగుతం. ఇది తింటే మనిషికి, గొడ్డుకు ఏమైతదో ఎవరు పరీక్ష చేసిండ్రు, ఆ కాగితం ఏదని అడగం. అడిగినా దుకాణపాయన దగ్గర ఉండదు. అది ఢిల్లీల ఉంటది. ఇయ్యాల ఆ కాగితం గురించే మాట్లాడుత.

బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి ఇచ్చిండ్రు. అప్పటికి సమాచార హక్కు చట్టమే లేదు. మూడేండ్లకు, 2005లో, మహికో కంపెనీ మూడు రకాలకు ఆంధ్రప్రదేశ్‌ల అనుమతి పొడిగించలేదు. అప్పటికే వరంగల్ రైతు పెట్టుబడి మట్టిల కలిసింది. తప్పు తేలింది చేన్ల, కాగితం మీద కాదు.

తర్వాత బీటీ వంకాయ వచ్చింది. కంపెనీ తన పరీక్షల ఫలితాలు తానే తెచ్చి ఇస్తది, కమిటీ చూసి సరే అంటది. మరి ఆ ఫలితాలు మాకు చూపియ్యుండ్రి అని 2006లో ఒక కార్యకర్త సమాచార హక్కు కింద అడిగిండ్రు. వ్యాపార రహస్యమన్నరు. వంకాయ తింటే ఎలుకకు ఏమైందనేది రహస్యమెట్లయితదో నాకైతే అర్థం కాలె! విత్తనం తయారుచేసే పద్ధతి దాచుకో, కాదనం. చట్టంల ఎనిమిదో సెక్షన్ కూడా ప్రజాప్రయోజనం పెద్దదైతే వ్యాపార రహస్యమైనా బయటపెట్టాలనే చెప్తది. 2007లో కేంద్ర సమాచార కమిషన్ ఇయ్యమన్నది. 2008లో సుప్రీంకోర్టు చెప్పినంక గాని ఆ కాగితాలు బయటికి రాలె.

వచ్చినంక ఏమైంది? ఫ్రాన్స్ శాస్త్రవేత్త సెరాలినీ ఆ లెక్కలు చూసి తేడాలున్నయన్నడు. ఆయనతో ఆ పని చేయించింది గ్రీన్‌పీస్, అదీ చెప్పాలె. నిపుణుల కమిటీ ఆయన మాట కాదన్నది. ఎవరిది నిజమో తేల్చెటంత చదువు నాకు లేదు. కాని ఇద్దరూ ఒకే కాగితం ముందట పెట్టుకొని కొట్లాడిండ్రు చూడుండ్రి, నాకు కావల్సింది అది. మన హైదరాబాద్‌ల సీసీఎంబీని నిలబెట్టిన పుష్ప భార్గవ గారు సుప్రీంకోర్టు తరఫున ఆ కమిటీల కూసోని, సొంత ప్రయోగశాలల పరీక్షలు కావాలని మొత్తుకున్నరు. 2009 అక్టోబర్‌ల కమిటీ సరే అన్నది. మంత్రి జైరాం రమేశ్ నివేదికను జనం ముందట పెట్టి ఏడు నగరాల్ల సభలు పెట్టిండు, హైదరాబాద్‌ల కూడా. 2010 ఫిబ్రవరి 9న బీటీ వంకాయ ఆగిపోయింది.

ఇగ నేర్చుకున్నరనుకుంటిమి. ఆవాల విషయంల మళ్ల అదే కథ. 2016 ఏప్రిల్‌ల సమాచార కమిషనర్ మాడభూషి శ్రీధర్, మన వరంగల్ బిడ్డ, ఆ భద్రతా కాగితాలు బయటపెట్టుండ్రని ఆదేశమిచ్చిండు. సెప్టెంబర్‌ల ఒక సారాంశం పెట్టిండ్రు, నెల రోజుల్ల అభిప్రాయం చెప్పుమన్నరు. అసలు ఫైలు చూడాల్నంటే ఢిల్లీల మంత్రిత్వ శాఖ ఆఫీసుకు రమ్మన్నరు! కూలికి పోతే పూట గడిచే రైతు రైలెక్కి పోయి, ఇంగ్లీషు ఫైలు సదివి వస్తడా? 2022లో అనుమతి ఇచ్చిండ్రు. 2024 జులైల సుప్రీంకోర్టు జడ్జీలిద్దరు ఆ అనుమతి మీద చెరొక తీర్పు చెప్పిండ్రు. అందరితో మాట్లాడి ఒక జాతీయ విధానం చెయ్యాలనే దాంట్ల మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

మనం అడిగేది కొత్తది కాదు. పెద్ద నిర్ణయాలు చేసేటప్పుడు సంబంధించిన సంగతులు సర్కారే తనంతట తాను ప్రకటించాలని నాలుగో సెక్షన్‌ల రాసి ఉంది. రాసింది చెయ్యకపోతే మనం అడగాలె. కేంద్రానికైతే ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తు తెలుగుల రాసినా చెల్లుతది, ఆరో సెక్షన్ చూసుకోండ్రి. ఏం విత్తనం, ఎవరు పరీక్ష చేసిండ్రు, ఎన్ని రోజులు చేసిండ్రు, కమిటీల ఎవరెవరు కూసున్నరు, వాళ్లకు కంపెనీతో సంబంధం ఉన్నదా లేదా: ఈ ఐదు రాసి పంపుండ్రి. రాసుడు రానోళ్లు మీటింగ్ అయినంక నా దగ్గరికి రండ్రి, కూసోని రాద్దాం.