పెద్ద కంపెనీల కొనుగోళ్లలో పల్లెవారి పాలు



హైదరాబాదు నగరమునకు పడమట మాదాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ అను ఊళ్లు కలవు. ఒక తరము క్రిందట ఇవి రాతిగుట్టలు, చెరువులు, చేలు గల పల్లెలు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి మాదాపూరున సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. నాటినుండి ఆ ప్రాంతము హైటెక్ సిటీ యని, సైబరాబాదు అని ప్రసిద్ధికెక్కినది. నేడచ్చట లక్షలాది మంది కొలువు చేయుచున్నారు.

ఆ భవనములలో ఎందరు కొలువు చేయుచున్నారో అందరు చెప్పుకొందురు. ఆ భవనములు దినదినము ఏమేమి కొనుచున్నవో ఆలోచించువారు కొద్దిమందియే. భోజనము, ఫలహారము, ఉద్యోగులను చేరవేయు వాహనములు, కాపలా, కాపలావారి దుస్తులు, గదుల శుభ్రత, తోటపని, ముద్రణ - ఇవన్నియు బయటివారు సరఫరా చేయవలసినవే. ఈ పనులలో చీపురు పట్టువారిని చూచిన షెడ్యూల్డు కులముల వారు, తెగల వారు మెండుగా కనబడుదురు. కాంట్రాక్టు కాగితముపై సంతకము చేయువారిలో వారు కనబడుట అరుదు. కూలి దొరకుట ఒకటి. వ్యాపారము దొరకుట వేరొకటి. ఈ రెంటి నడుమనున్న దూరమును తగ్గించు మార్గములను గూర్చి మేము నేడు మీకు విన్నవింపదలచినాము.

ఇట్టి ప్రయత్నము లోకమునకు క్రొత్త కాదు. అమెరికాలో 1969లో అధ్యక్షుడు నిక్సన్ అల్పసంఖ్యాక జాతులవారి వ్యాపారములకై ప్రత్యేక కార్యాలయమును నెలకొల్పెను. 1972లో ఏర్పడిన జాతీయ మండలి యొకటి అట్టివారి సంస్థలను పరిశీలించి, ధ్రువీకరించి, పెద్ద కంపెనీలకు పరిచయము చేయుచు వచ్చినది. దక్షిణాఫ్రికా 2003లో నల్లజాతివారి ఆర్థికాభివృద్ధికి చట్టమే చేసినది. హైటెక్ సిటీ ప్రాంతమునకు వచ్చిన అమెరికా కంపెనీలు పెక్కు ఈ పద్ధతిని ఎరిగినవే. అయినను 2025లో అమెరికా ప్రభుత్వపు ధోరణి మారుటతో కొన్ని కంపెనీలు ఇట్టి కార్యక్రమములను తగ్గించుకొన్నవి. కంపెనీవారి సద్భావము వచ్చును, పోవును. చట్టము కల్పించిన హక్కు నిలుచును. కావున మన చట్టములో ఏమున్నదో ముందు తెలిసికొందము.

సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుండి ప్రభుత్వ కొనుగోళ్లను గూర్చి కేంద్ర ప్రభుత్వము 2012లో ఒక ఉత్తర్వు చేసినది. దాని ప్రకారము కేంద్ర శాఖలును, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలును తమ కొనుగోళ్లలో నూటికి 20 వంతులు ఇట్టి పరిశ్రమల నుండి కొనవలెను. 2018లో ఇది 25 వంతులైనది. అందు 4 వంతులు షెడ్యూల్డు కులముల, తెగల వారి పరిశ్రమల నుండియు, 3 వంతులు స్త్రీల పరిశ్రమల నుండియు కొనవలెనని నియమము. వీరికి టెండరు పత్రములు ఉచితము. ధరావతు సొమ్ము కట్టనక్కరలేదు. హైటెక్ సిటీకి అనతిదూరమున రామచంద్రాపురములో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము కలదు. నగరములో ఇ.సి.ఐ.ఎల్., ఎన్.ఎం.డి.సి. మున్నగునవి కలవు. ఈ ఉత్తర్వు వీటన్నింటికి వర్తించును. ప్రైవేటు కంపెనీలకు మాత్రము వర్తింపదు. అచ్చట ధరయు, నాణ్యమును, పరిచయమును మాత్రమే ఆధారము.

తోడ్పాటు సంస్థలును కొన్ని కలవు. 2005లో శ్రీ మిలింద్ కాంబ్లే పూణెలో దళిత పారిశ్రామికుల వాణిజ్య మండలిని స్థాపించిరి. తెలంగాణ ప్రభుత్వము 2014లో దళిత పారిశ్రామికులకై టి-ప్రైడ్ అను పథకమును ప్రకటించినది. కేంద్రము 2016లో షెడ్యూల్డు కులముల, తెగల వారి జాతీయ హబ్‌ను ఆరంభించినది.

ఇన్ని యుండియు 4 వంతుల లక్ష్యమునకు కొనుగోళ్లు చాలా దూరముననే నిలిచినవి. కారణమేమి?

మొదటి కారణము పెట్టుబడి. మాసమునకు 2 లక్షల రూపాయల దుస్తులు కుట్టి ఇచ్చు ఒక చిన్న సంస్థ యున్నదనుకొందము. బిల్లు మూడు మాసములకు చెల్లినచో దాని 6 లక్షల రూపాయలు కంపెనీవద్ద చిక్కుకొనును. గుడ్డకు, దర్జీలకు సొమ్ము ఆగదు. తాతతండ్రుల ఆస్తి గలవాడు తట్టుకొనును; లేనివాడు వడ్డీవ్యాపారి గడప తొక్కును. 2006 నాటి చట్టము దీనికి మందు చెప్పినది. వ్రాతపూర్వకమగు ఒప్పందమున్నను గడువు 45 దినములు మించరాదు. మించినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ చెల్లింపవలెను. చెల్లింపనిచో రాష్ట్రములోని ఫెసిలిటేషన్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చును. ఈ చట్టము ప్రైవేటు కంపెనీలకును వర్తించును.

రెండవ కారణము కాగితములు. ఈ హక్కులు ఉద్యమ్ నమోదు గలవారికే చెల్లును. ఆ నమోదు ఉచితము; దళారికి రూపాయి యైనను ఇయ్యనక్కరలేదు. ఒప్పందము కుదుర్చుకొనుటకు పూర్వమే నమోదు చేయించుకొనుట క్షేమము. సరకు కొని మారుబేరమునకు అమ్ము వర్తకులకు ఈ నమోదు బ్యాంకు ఋణమునకు మాత్రమే ఉపకరించును. తయారుచేయువారికి, సేవలందించువారికే పై ప్రయోజనములన్నియు లభించును.

మూడవ కారణము మారుపేరు వ్యాపారము. వ్యక్తి సొంత సంస్థయైనచో యజమాని, భాగస్వామ్యమైనచో నూటికి 51 వంతుల వాటా ఆ వర్గములవారిదై యుండవలెనని నియమము. ధనవంతుడు తన పాలేరు పేరు వ్రాయించి లాభము తాను తినినచో, దొంగిలింపబడినది ప్రభుత్వ ధనము మాత్రము కాదు. వేరొక నిజమైన వ్యాపారి అవకాశము. పైగా నష్టము వచ్చిననాడు అప్పు ఆ పాలేరు నెత్తిననే పడును.

ఒకే కొనుగోలుదారుని నమ్ముకొనుటయు ప్రమాదమే. 2020 మార్చిలో కరోనా మూలమున కంపెనీలవారు ఇంటినుండియే పనిచేయ నారంభింపగా, వాయిదాలపై కార్లు కొన్నవారి బండ్లు నిలిచిపోయినవి. క్యాంటీన్ల పొయ్యిలు ఆరిపోయినవి. కలసి నిలిచినవారికి బలమెక్కువ. 1956లో విశాఖపట్టణమున ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవిబిడ్డల చింతపండు, తేనె వంటివానిని సేకరించి సంతకు చేర్చుట ఇట్టి ఆలోచన నుండి పుట్టినదే.

సభ్యులారా! మీరు చేయదగిన పనులు నాలుగు కలవు. మీ ఊరిలో కుట్టుపని, వంట, వడ్రంగము, వాహనము నడుపుట ఎరిగిన షెడ్యూల్డు కులముల, తెగల యువతీయువకుల జాబితా వ్రాయించుడు. కుల ధ్రువపత్రము, పాన్, బ్యాంకు ఖాతా, ఉద్యమ్ నమోదు వారికి సకాలమున అందునట్లు తోడ్పడుడు. ఒంటరిగా టెండరు వేయలేనివారిని సంఘముగా కూర్చుడు. మారుపేరు వ్యాపారము మీ దృష్టికి వచ్చినచో మొగమోటము లేక అధికారులకు తెలుపుడు.

మరియొక మాట. పంచాయతీయు కొనుగోలుదారే. వీధిదీపములు, గొట్టములు, బల్లలు, ముద్రణ మీరును కొనుచున్నారు. ఆ టెండరు ప్రకటన ఊరి మధ్యనున్న కార్యాలయపు గోడకు మాత్రమే అంటించి, దళితవాడకు తెలియనీయకున్నచో, హైటెక్ సిటీ కంపెనీలను ప్రశ్నించు అర్హత మనకెక్కడిది? ముందు మన గ్రామమున ఆ తలుపు తెరచెదము గాక!