గదిలో మిగతావాళ్లు

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీకు అభినందనలు. ఇకనుంచి ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు "అయితే నా మనసులో ఏముందో చెప్పు" అంటారు. నవ్వి భోజనాల వైపు నడవండి.

మీరు చదివినవాటిలో మాటలతో చేసే చికిత్స, మందులతో చేసే చికిత్స మీకు అన్నం పెడతాయి. సోషల్ సైకాలజీని మాత్రం చాలామంది పరీక్ష హాల్లోనే వదిలేస్తారు. నేను దాని తరఫున వకాల్తా పుచ్చుకుని వచ్చాను.

పక్కనున్నవాళ్లు మన తీర్పును ఎలా మారుస్తారో చెప్పేది అదే. 1949 సంగతి చూడండి. ఆ ఏడాది వైద్యంలో నోబెల్ బహుమతిలో సగం పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్‌కు దక్కింది. మానసిక రోగుల మెదడు ముందుభాగంలో నరాల దారులు తెంచే శస్త్రచికిత్స కనిపెట్టినందుకు. అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ దాన్ని ఇంకా సులువు చేశాడు. కనుగుడ్డు పైనుంచి సన్నని ఊచ దించి నిమిషాల్లో పని ముగించేవాడు. సరిగ్గా అదే ఏడాది మెల్‌బోర్న్ దగ్గర బుండూరా ఆస్పత్రిలో జాన్ కేడ్ అనే వైద్యుడు, మేనియాతో ఉన్న పది మందికి లిథియం ఇచ్చి ఏం జరిగిందో ఒక వైద్య పత్రికలో అచ్చువేశాడు. యుద్ధఖైదీగా సింగపూర్ చాంగీ శిబిరంలో ఏళ్లు గడిపి వచ్చిన మనిషి. పెద్ద ప్రయోగశాల లేదు, పేరు లేదు. లిథియం మామూలు లవణం కాబట్టి పేటెంటూ రాదు, కంపెనీలకు ఆసక్తీ లేదు. పైగా అమెరికాలో ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్ వాడిన గుండె రోగులు కొందరు చనిపోయిందీ అప్పుడే. మోతాదు కాస్త దాటితే అది విషం. అందుకే నేటికీ రక్తపరీక్షలు చేయిస్తూ ఇస్తాం. డెన్మార్క్‌లో మొగెన్స్ షౌ లాంటివాళ్లు పట్టు వదలకుండా పరీక్షించారు. అయినా అమెరికా దానికి ఆమోదం తెలిపేసరికి 1970 వచ్చింది.

మోనిజ్‌కు చప్పట్లు కొట్టినవాళ్లు దుర్మార్గులని నేననుకోను. ఆస్పత్రులు కిక్కిరిసి ఉన్నాయి, చేతిలో మందు లేదు, ఇంటివాళ్లు కాళ్లావేళ్లా పడుతున్నారు. పక్కనున్న పెద్ద డాక్టరు భేష్ అంటున్నాడు. అలాంటప్పుడు తలాడించడం ఎంత తేలికో మనస్తత్వవేత్త సాలమన్ ఆష్ 1951లో చూపించాడు. మూడు గీతల్లో ఏది ఎదుటి గీతంత పొడవో చెప్పాలి, అంతే. చిన్నపిల్లలైనా చెప్పగలరు. కానీ ముందే మాట్లాడిపెట్టుకున్న మిగతావాళ్లంతా తప్పు చెబుతుంటే, అసలు అభ్యర్థి కూడా మూడింట ఒక వంతు సార్లు వాళ్ల వెంటే పోయాడు. నాకు ఇష్టమైనది ఆ తర్వాతి భాగం. గదిలో ఇంకొక్కడు నిజం చెబితే చాలు, ఆ లొంగుబాటు చాలావరకు పడిపోయింది. ఆజ్ఞాపిస్తే ఎదుటి మనిషికి కరెంటు షాకు ఇస్తారా అని పరీక్షించిన మిల్‌గ్రామ్ దగ్గరా ఇదే కథ. 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా మీట నొక్కారు. తోటివాళ్లు ఇద్దరు "మేం చేయం" అని లేచినప్పుడు మాత్రం చివరిదాకా వెళ్లినవాళ్లు 40లో నలుగురే. అక్కడ ఆజ్ఞాపించిన మనిషి తొడుక్కున్నది బూడిదరంగు కోటు. మీది తెల్లది. దాని బరువు ఇంకా ఎక్కువ.

రేపు కేసు చర్చలో పెద్దాయన రెండు నిమిషాల్లో డిప్రెషన్ అని తేలుస్తారు. అందరూ రాసుకుంటారు. థైరాయిడ్ పరీక్ష చేయించారా అని మీకు అనుమానం వస్తుంది. అడగండి. మీరు అడిగితే, అదే అనుమానం మింగేసి కూర్చున్న మరొకరికీ నోరు పెగులుతుంది.

గదిలో పక్కవాళ్ల ప్రభావం చెరుపుకే కాదు, మేలుకీ పనిచేస్తుంది. మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త 1924లో ప్రచురించిన ప్రయోగంలో కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడు ఉన్నాడు. వాడికి ఇష్టమైనవి తినిపిస్తూ కుందేలును కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చిందని అందరూ చదువుతారు. కుందేలంటే భయంలేని పిల్లల్ని కూడా వాడి పక్కన ఆడనిచ్చిందన్నది చాలామంది దాటేస్తారు. బిహేవియర్ థెరపీకి తొలి అడుగుల్లో ఒకటైన ఈ ప్రయోగంలోనూ గదిలో పక్కవాళ్లున్నారు.

మరి కేస్ షీటులో "మందులు సరిగా వేసుకోడు, సహకరించడు" అని రాస్తామే, అక్కడ పక్కవాళ్లు ఎక్కడ? సంబంధాలు చూస్తున్నారని అమ్మ మాత్రలు దాచేసి ఉండొచ్చు. ఆస్పత్రికి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఎదుటివాడి తప్పు వాడి స్వభావానికి, మన తప్పు మన పరిస్థితికి అంటగట్టే అలవాటు మీకు పుస్తకంలో ఒక పేజీ. రోగికి మాత్రం అది "మొండివాడు" అనే ముద్ర.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక చనిపోయారు. వాళ్లను అక్కడ దింపి వెళ్లిన ఇంటివాళ్లందరికీ ప్రేమ లేదనడం న్యాయం కాదు. చాలామందికి వేరే దారి కనబడలేదు. గొలుసు వేయడాన్నీ, మత్తు ఇవ్వకుండా కరెంటు పెట్టడాన్నీ మానసిక ఆరోగ్యంపై వచ్చిన 2017 చట్టం నిషేధించింది. కరెంటు చికిత్స మీద సినిమాలు చూపించేదంతా నమ్మకండి. సరిగ్గా చేస్తే తీవ్రమైన డిప్రెషన్‌లో అది ప్రాణం నిలుపుతుంది. చట్టానికి చాలా ముందే, 1950లలో, అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించారు. రోగులతోపాటు వాళ్ల తల్లుల్ని, భార్యల్ని, అన్నదమ్ముల్ని కూడా ఉంచుకున్నారు. వాళ్లు పక్కనుండి చూసుకున్నారు, మనిషి కుదుటపడటం కళ్లారా చూశారు. ఖర్చెంత? గుడ్డ, కర్రలు, ఒక డాక్టరు ఓపిక. మన జిల్లా ఆస్పత్రులకు ఇంతకంటే పెద్ద పథకం అక్కర్లేదని నా అభిప్రాయం. అధికారులు ఒప్పుకోకపోవచ్చు.

మీకే నిద్ర పట్టని రోజులొస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది. చదువుకున్న సబ్జెక్టే కదా అని మొహమాటపడకండి.

రిజిస్ట్రార్ గారు గడియారం చూస్తున్నారు, పిలవాల్సిన పేర్లు చాలా ఉన్నాయి. సెలవు.